ఇఫ్ పక్కన పేరు

పేరు టైపు చేసి బటన్ నొక్కగానే కంప్యూటర్ రామచంద్రరావుగారిని బయటికి పొమ్మంది.

తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. ‘తాతా, ఈ వయసులో నీకిది రాదు. ఇంటికి పో.’

ఆయన ఆ మాటల్ని పైకే చదివారు. సంతోష్‌నగర్‌లో టైలర్ షాపు మీదున్న ఆ చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో కీబోర్డుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

శశిధర్ గబగబా వచ్చాడు. ఆ బ్యాచ్‌కి జావాస్క్రిప్ట్ చెప్పేది అతనే. వయసు ఇరవై నాలుగు. రామచంద్రరావుగారికి యాభై నాలుగు. కంచన్‌బాగ్‌లో ఒక ఆఫీసు స్టోర్స్‌లో గుమాస్తా. అది రెండు వేల ఒకటో సంవత్సరం. ఆఫీసులన్నీ కంప్యూటర్ల వెంట పడ్డ రోజులు. ఆయన్ని కోర్సుకు పంపింది ఆఫీసే.

“నా పేరు కొట్టి చూస్త,” అంటూ రాగసుధ వెనక కుర్చీలోంచి లేచి వచ్చింది. కొట్టింది. ‘నమస్తే’ అంది కంప్యూటర్. ఇంకొకరి పేరు కొట్టింది. మళ్ళీ నమస్తే.

“అంకుల్‌కే గట్ల వస్తుంది సార్. మనకందరికి మర్యాదనే.”

ఎవరో కిసుక్కుమన్నారు.

శశిధర్ చెవులు వేడెక్కాయి. పోయిన సోమవారం ఈయన బోర్డు మీద ఇఫ్, ఎల్స్ రాయలేక తడబడితే క్లాసు క్లాసంతా నవ్వింది. “వాన పడితే గొడుగు, పడకపోతే లేదు. గింతే కదా సార్, దీంట్ల ఏముంది?” అంటూ మొదట నవ్వింది శశిధరే. చెప్పేవాడే నవ్వాక వినేవాళ్ళకు అడ్డేముంది?

తెర మీది పేజీ వెనకున్న ప్రోగ్రాం తెరిచాడు. నాలుగు లైన్లు. ఇఫ్ పక్కన రామచంద్రరావుగారి పేరు, దాని కింద ఆ తిట్టు. ఎల్స్ కింద నమస్తే. పేరు ఇదైతే ఇలా చెయ్యి, కాకపోతే అలా చెయ్యి. మూడు వారాలుగా అతను గొంతు చించుకుంటున్న పాఠమే. బ్రాకెట్లన్నీ సరిగ్గా మూతపడ్డాయి. ఒక్క తప్పు లేదు.

“ఎవరు రాసిన్రు గిది?”



“వదిలేయండి సార్,” అన్నారు రామచంద్రరావుగారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. “ఎవర్నీ ఏమీ అడగొద్దు. నేను మానేస్తాను. జరిగింది ఒక కాగితం మీద రాసివ్వండి, చాలు. ఆఫీసులో చూపించాలి.”

శశిధర్ పెన్ను తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. ఆ కాగితం చదివినవాళ్ళు మళ్ళీ ఈ మెట్లెక్కుతారా? అయినా ఏమని రాయాలి? ముందు నవ్వింది నేనేనని రాయాలా?

“మీరు కూసోండి సార్. పోవాల్సింది తప్పు చేసినోళ్ళు.”

ఆ కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుంటారు. రామచంద్రరావుగారు, పక్కన ఉమ్మే హానీ. ఇంత శుభ్రంగా రాయగలిగేది బ్యాచ్ మొత్తంలో ఆ అమ్మాయి ఒక్కతే. డిగ్రీ చదువుతోంది. చార్మినార్ దగ్గర వాళ్ళకు గాజుల దుకాణం. తల్లి ఖైసర్ బేగం మొదటి రోజు తనే వెంట వచ్చి, గదంతా కలియజూసి, ఒక్క ఫిర్యాదు వచ్చినా మాన్పించేస్తానని చెప్పి వెళ్ళింది.

“హానీ, లే.”

లేచింది.

“సోమవారం నవ్వినవా, లేదా?”

“నవ్విన సార్. అబద్ధం ఎందుకు చెప్త? మీరు నవ్విన్రు, నేను నవ్విన.”

ఈసారి కిసుక్కుమన్నది ఇద్దరు ముగ్గురు. శశిధర్ ఎవరి వైపూ చూడలేకపోయాడు. చూడలేక గొంతు పెంచాడు.

“నువ్వు గాక ఇంకెవరు రాస్తరు గిది? రాగసుధ రాస్తదా?”

“నాకంత సీన్ లేదు సార్,” అంది రాగసుధ.

“ఖసం సార్, ఒట్టేసి చెప్తున్న, నేను రాయలె,” అంది హానీ. “నవ్వినందుకు నాకే మంచిగ అనిపియ్యలె. అప్పటి సంది అంకుల్‌కి రోజూ నేనే చెప్తున్న. బ్రాకెట్ యాడ మూయాల్నో తెర మీద వేలు పెట్టి చూపించిన. గట్లాంటిదాన్ని, నేనెందుకు తిడత?”

శశిధర్ రిజిస్టరు తెరిచి ఆమె ఇంటి నంబరు వెతికాడు. అది చూసి హానీ టేబుల్ దగ్గరికి వచ్చింది.

“అమ్మీకి ఫోన్ వద్దు సార్. రేపటి సంది నన్ను పంపది. నా చదువు గీడికే ఖతం.”

అతను మొహం తిప్పుకుని రిసీవర్ ఎత్తాడు. నవ్వినందుకు ఈ పిల్లను పంపాలంటే ముందు మెట్లు దిగాల్సింది తనే. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే మూడంకెలు నొక్కాడు.

నాలుగోది నొక్కబోతుంటే ఫోన్ మీద ఒక చెయ్యి పడి లైను కట్ చేసింది. రామచంద్రరావుగారిది.

“ఆ అమ్మాయిని ఏమీ అనకండి సార్,” అన్నారాయన, తల ఎత్తకుండా. “ఈ చదువు నాకు అబ్బలేదని ఆఫీసులో చెప్పుకునే మొహం లేక, ఎవరో అవమానిస్తే మానేశానని చెప్పుకోవచ్చు కదా అని, వారం రోజులు కుస్తీ పట్టి ఆ నాలుగు లైన్లూ నేనే రాశానండీ.”