గేటు దాటిన కారు

“ఆదివారం సాయంత్రంలోగా మీ కారు దాని కాళ్ళ మీద అది గేటు దాటాలి. లేదంటే సోమవారం పొద్దున పాత ఇనుం కొనేవాడు దాటిస్తాడు” అంది భార్య.

డ్రాయింగు మాస్టారు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నారు. ఆవిడ ఊరికే బెదిరించే మనిషి కాదు. ముందు గదిలో నాలుగు కుట్టు మిషన్లు. వాటి మధ్య ఆరుగురు అమ్మాయిలు మోచేతులు తగిలించుకుంటూ ఆవిడ దగ్గర కుట్టు నేర్చుకుంటున్నారు. షెడ్డులో మాత్రం పదకొండేళ్ళుగా ఒక పాత కారు హాయిగా పడుకుని ఉంది.

అది మాస్టారి నాన్నగారు కొన్న కారు. మాస్టారు నడక నేర్చుకున్నదే దాని తలుపు పట్టుకుని. దాన్ని ఇనుం లెక్కన తూకానికి ఇవ్వడమంటే ప్రాణం పోయినంత పని.

ఆ రోజే వెళ్ళి పానా బాబాయిని పిలుచుకొచ్చారు. ఆ మెకానిక్ చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది. అసలు పేరు ఎప్పుడో అందరూ మరిచిపోయారు. అతను కారు చుట్టూ రెండు చుట్లు తిరిగాడు. బానెట్ ఎత్తి చూసి, మెల్లగా దించేశాడు.

“ఐదు రోజుల్లో ఏం చేయమంటారు మాస్టారూ?”

మాస్టారు అతన్ని పక్కకు లాక్కెళ్ళి చెవిలో ఏదో చెప్పారు. పానా బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“అయితే ముందు బ్రేకులు చూడాలి. ఆగడం చేతకాని బండిని కదిలించకూడదు.”

పని మొదలైంది. తుప్పు పట్టిన ఊచల చక్రాలు ఊడదీశారు. పాత డ్రమ్ము బ్రేకులు ముట్టుకుంటే పొడి రాలింది. వాటి స్థానంలో ఈ కాలం కార్లకుండే డిస్కు బ్రేకులు, తళతళలాడే అల్లాయ్ చక్రాలు తెచ్చారు. తీరా చూస్తే బోల్టు రంధ్రాలు కలవలేదు.

మాస్టారు స్వయంగా రంగంలోకి దిగారు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత వృత్తాలు గీయించిన చెయ్యి అది. అట్టముక్క మీద కొలతలు వేసి గీసిచ్చారు. పానా బాబాయి వాటి ప్రకారం లేతు మీద ఇనుప బిళ్ళలు చేయించుకొచ్చాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి.

శుక్రవారం బావమరిది వచ్చాడు. పాత కార్ల సంఘానికి కార్యదర్శి. చక్రాలు చూడగానే తల పట్టుకున్నాడు.

“ఇదేం పని బావా! ఆ కాలం కారుకి ఈ కాలం చక్రాలా? మా సంఘంవాళ్ళు చూస్తే నిన్ను వెలేస్తారు.”

“మీ వాళ్ళ కార్లు ఆగాలంటే ఎదురుగా గోడ ఉండాలి. నాది కాలు పెడితే ఆగుతుంది.”

“పైన పటారం, లోన లోటారం! ఏదీ, ఆ బానెట్ ఎత్తు.”

మాస్టారు చటుక్కున అడ్డం నిలబడ్డారు. “రంగు ఆరలేదు. చెయ్యి పెట్టకు.”

శనివారమంతా బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయడంతోనే సరిపోయింది. “తొక్కండి... పట్టుకోండి... వదలండి” అని కింద పడుకుని పానా బాబాయి అరుపులు. లోపల కూర్చుని మాస్టారి తొక్కుళ్ళు. తొక్కే బరువు తగ్గించే బూస్టరు మాత్రం అక్కర్లేదన్నాడు బాబాయి.

“మీ కాలే బూస్టరు. మొహమాటపడకుండా తొక్కండి.”

కొత్త చక్రాల మీద కారు మూతి కాస్త పైకి లేచినట్టు కనిపించింది. ముందువైపు రెండు ఇసుక మూటలు సర్ది బాబాయి దాన్ని సమం చేశాడు.

ఆదివారం సాయంత్రం వీధి వీధంతా గేటు ముందే ఉంది. భార్య మంచి చీర కట్టుకుని వచ్చి దర్జాగా ముందు సీట్లో కూర్చుంది.

“వీధి చివర దారాల కొట్టు దాకా పోనివ్వండి. మీ ప్రయోజకత్వం చూద్దాం.”

మాస్టారికి కావలసిందీ అదే. ఇల్లున్న మిట్ట మీద నుంచి ఆ కొట్టు దాకా వీధి తిన్నగా దిగుతుంది. తాళం తిప్పారు. ఎర్ర దీపం వెలిగింది. చేతి బ్రేకు వదిలారు.

కారు గేటు దాటింది. జనం చప్పట్లు కొట్టారు. బావమరిది తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.

“చప్పుడే లేదేమిటండీ?” అంది భార్య.

“చక్రాలు అలాంటివి మరి!”

దారిలో స్పీడు బ్రేకరు కనిపించింది. అయినా మాస్టారు బ్రేకు జోలికి పోలేదు. కారు ఎగిరి అవతలికి దూకింది. “కాస్త చూసుకుని!” అంది ఆవిడ నవ్వుతూనే. తీరా కొట్టు దగ్గరికి వచ్చేసరికి పాల వ్యాను ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. మాస్టారు మొహమాటమంతా వదిలేసి తొక్కారు.

కారు ఠక్కున ఆగింది. వ్యానుకీ దానికీ మధ్య జానెడు దూరం. మాస్టారికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆవిడ దిగి, కొత్త చక్రాన్ని ఒకసారి తట్టి, వెళ్ళి దారాలు కొనుక్కొచ్చింది.

“మాటంటే మాటే. షెడ్డు మీ కారుదే. నా మిషన్లకి డాబా మీద రేకులు వేయించుకుంటాను. పదండి, కారులోనే పోదామా?”

“వద్దులే. కారు ఇక్కడే ఉండనీ, రేపు బాబాయి తీసుకొస్తాడు. గాలి బాగుంది, నడుద్దాం.”

“సరే, నడుద్దాం.”

ఇద్దరూ మిట్ట ఎక్కసాగారు. సగం దూరం వెళ్ళాక ఆవిడ ఆగి, ఆయాసం తీర్చుకుంటూ ఆయన చెయ్యి పట్టుకుంది.

“బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయండీ, వచ్చే నెలలో దానికో ఇంజను కూడా పెట్టించండి.”