మందు మరిచిన తూటా

"సీసం కరిగిందా, ఇంకా పొయ్యి మీదనే ఉన్నదా అన్నా?" అని అడిగాడు గణపతి.

"నిన్ననే కరిగింది. ఇయ్యాల తూటాలు పోసుడు" అంటూ దశరథం తలకు చుట్టుకున్న తువ్వాలు సర్దుకుని, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించాడు.

ఊరు వదిలి బతకడానికొచ్చిన డిండోలిలో వాళ్లిద్దరివీ పక్కపక్క గదులు. ఒకే కార్ఖానాలో బట్ట నేసే సాంచాలు నడుపుతారు. కరోనా రెండోసారి విరుచుకుపడి సాయంత్రం పాళీ ఆగిపోయాక, ఈ వేళకు గణపతి అన్నం గిన్నెతో రావడం, దశరథం దాన్ని పక్కకు జరపడం అలవాటైపోయింది.

"ఒక్కపూటన్న ఊకో అన్నా. నీ గొంతు ఎట్లయిందో సూడు."

"ఆడ మాస్కు పీకేస్తే?"

గణపతి అన్నం గిన్నె మీద మూత పెట్టాడు.

భార్య ఊర్మిళను దవాఖానలో చేర్చిన రోజు, ఒక్కతే భయపడుతుందని మొదలుపెట్టిన కథ అది. వార్డులో పనిచేసే సంగీత ఫోన్ పట్టుకుంటుంది. కథ నడుస్తున్నంతసేపు ఆక్సిజన్ మాస్కు ముఖం మీద ఉంటుంది. ఆగిందంటే చెయ్యి దాని మీదికి పోతుంది. అందుకే కథలో సీసం కరగడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

ఫోన్ కలిసింది.

"కాకా, ఇయ్యాల కథ జర లంబా, పొడుగ్గ చెప్పు" అంది సంగీత. "ఈ పూట గిట్ల మాస్కు తీయకుంట ఉంటే, ఊపిరి మషీన్ మీద పెట్టే జరూరత్ ఉండదని డాక్టర్ సాబ్ అన్నడు."

"స్పీకర్ల పెట్టినవా?"

"పెట్టిన. రోజు లెక్కనే వార్డంత ఇంటున్నది."

"ఊ కొట్టమను. ఊ లేకుంటే నాకు కథ నడవది."

మాస్కు లోపలి నుంచి సన్నగా వినిపించింది. "ఊ."

దశరథం గొంతు సవరించుకున్నాడు.

"మా బావ రాజమల్లు చేతిల దొర పడేసిన పాత రైఫిలు. తూటాలు కొనే తాహతు మాకు లేదు. పేలిన తూటాల గొట్టాలు ఏరుకొచ్చి మల్ల నింపుకునుడే. చేపల వలకుండే గుండ్లు కరిగించి సీసం జేసినం. బంగారం పనిచేసే అవుసుల బ్రహ్మచారి అచ్చు చేసిచ్చిండు. గొట్టాలల్ల తుపాకి మందు పోసుడు నా పని."

"నీకెందుకిచ్చిన్రు కాకా?"

"సదువుకున్నోన్నని. ఏడు దాక."

గణపతి నవ్వకూడదనుకుంటూనే నవ్వాడు.

"ముందుగాల పోసిన తూటాలు ముడతలు వడ్డయి. అచ్చు సల్లగున్నదని బ్రహ్మచారి అన్నడు. నేను ముట్టి చూసిన. సల్లగ లేదు. వేళ్లన్ని బొబ్బలెక్కినయి."

"ఊ."

"మల్ల పోసినయి మంచిగొచ్చినయి. తేనెమైనం రుద్దినం. ఎట్ల మెరిసినయంటే, దుప్పిని కొట్టబుద్ది కాలే, దండ గుచ్చి మెడల ఏసుకోబుద్దయింది. తెల్లారి అడివికి పోయినం. పోయేటప్పుడే మా అమ్మకు మసాలా నూరి పెట్టుమని చెప్పిన."

"దుప్పిని సూడకముందే?" అన్నాడు గణపతి.

"అగో, గంత నమ్మకం నా మీద నాకు. దుప్పుల గుంపు దొరికింది. బావ గురి పెట్టవోతే చెయ్యి పట్టుకున్న. మొదటి దెబ్బ నాదే అన్న."

అతను నీళ్ల కోసం చెంబు అందుకున్నాడు. ఒక్క గుక్క మింగేలోపే సంగీత కేక వినిపించింది.

"కాకా, పీకేసింది! ఆక్సిజన్ నంబర్ పడిపోతున్నది!"

చెంబు చేతిలో నుంచి జారింది. దశరథం ఫోన్ మీదికి వంగాడు.

"ఇగో, ఇను. మాస్కు మొఖానికి ఎక్కితేనే నేను మీట నొక్కుత. లేకుంటే ఆ దుప్పి అట్లనే నిలవడుతది, నేను అట్లనే నిలవడుత. నా కాళ్లు గుంజుతున్నయి. జల్ది చెప్పు."

అవతల నుంచి బీప్ చప్పుడు తప్ప ఏమీ లేదు. గణపతి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊ."

దశరథం కళ్లు మూసుకుని తెరిచాడు.

"నొక్కిన. టప్పుమన్నది. గంతే. తూటా తుపాకి గొట్టంల్నే ఇరికింది. దుప్పి తలెత్తి నన్ను జూసింది. పాపమనుకున్నదేమో, మల్ల గడ్డి మేసింది."

"అరే, ఏమైంది కాకా?"

"మందు మరిచిన. నింపుకుంట నింపుకుంట బావకు ముచ్చట చెప్తున్న. ముచ్చట్ల వడి ఆ గొట్టంల మందే పొయ్యలే. ఇంకోటి పేల్చవోతే బ్రహ్మచారి తుపాకి గుంజుకుని వీపుల గుద్దిండు. అప్పుడు పేల్చి ఉంటే తుపాకి పగిలి, ఈ కథ చెప్పేటందుకు మూతి మిగలకపోతుండె."

"మరి మసాలా?"

"వంకాయలల్ల ఏసింది మా అమ్మ. దుప్పి ఎట్లున్నదని ఊరంత అడిగిన్రు. మెత్తగున్నదని చెప్పిన."

అవతల నుంచి ముందు దగ్గులాంటిది వినిపించింది. తర్వాత అది నవ్వని తెలిసింది. మాస్కు లోపల, ఆగి ఆగి, కడుపులోంచి వస్తున్న నవ్వు.

"నవ్వుతున్నది కాకా! నంబర్ పైకొస్తున్నది. ఉండు, డాక్టర్ సాబ్ వచ్చిండు."

ఇద్దరూ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నారు. హిందీలో ఏవో మాటలు దూరంగా వినిపించాయి. సంగీత మళ్లీ వచ్చింది.

"మషీన్ వద్దన్నడు కాకా. గండం గడిచినట్టే అన్నడు."

గణపతి రెండు చేతులూ జోడించాడు. దశరథం మెల్లగా వెనక్కి జరిగి గోడకు చేరబడ్డాడు.

"నీతోని మాట్లాడుతదట. ఒక్క మాటనే, మాస్కు తీయనియ్య" అంది సంగీత.

మాస్కు లోపలి నుంచి, బొంగురుగా, ఒక్కో మాటే వచ్చింది.

"నీ ఊర్మిళ పానం పోయినంక గూడ, పక్క మంచం ముసలిదాని కోసం కథ ఆపకపోతివి కొడుకా."