పిలవని ఇంజన్

"కూత వెయ్యి నాయనా. పట్టాలు తడిగా ఉన్నాయి. వెనకనుంచి నేను తోస్తాను."

ఎనక్ రిగ్ ఇంజన్లోంచి కిందికి చూశాడు. తోపుడు ఇంజన్ నడిపే ముసలాయన చినుకుల్లో నిలబడి ఉన్నాడు.

వెస్ట్‌మర్లాండ్ కొండ ఎక్కే బండి కూత వేస్తే చాలు, ఆ చిన్న ఇంజన్ వెనక చేరి తోస్తుంది. పైకి చేరగానే జారుకుంటుంది. ముందు ఇంజన్లో ఉన్నవాడు దాని ముఖమైనా చూడడు.

"డెర్బీలో నిరుడే తయారైన ఇంజన్ తాతా ఇది! దీనికి నీ ముసలిగుర్రం సాయమా? పోయి టీ తాగు."

"చివరి పెట్టెలో గార్డున్నాడు కదయ్యా..."

"వాడు నా తమ్ముడే. వాడి సంగతి నీకెందుకు?"

ఎనక్ కూత వేయలేదు. ముప్పై వ్యాగన్ల సున్నపురాయితో బయలుదేరాడు.

సగం కొండెక్కేసరికి చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. పట్టాల మీద ఇసుక వదిలాడు. ఆవిరి పెంచాడు. ఇంజన్ ఒక్క గుంజు గుంజింది.

ఠంగుమంది.

"వ్యాగన్లు కలిపే గొలుసు తెగింది!" ఫైర్‌మన్ కేక పెట్టాడు.

వెనక ఇరవై వ్యాగన్లు, వాటి చివర తమ్ముడి పెట్టె, కిందికి దొర్లిపోతున్నాయి. చూస్తుండగానే మలుపులో మాయమయ్యాయి.

బ్రేకు ఫైర్‌మన్‌కి అప్పగించి ఎనక్ దూకాడు. పట్టాల వెంట కిందికి పరిగెత్తాడు.

"ఒక్క కూత వేస్తే నా సొమ్మేం పోయేది! క్లెమ్! ఒరే క్లెమ్!"

మలుపు తిరిగాడు.

వ్యాగన్లు నిలబడి ఉన్నాయి. పెట్టె మెట్టు మీద క్లెమ్ కూర్చున్నాడు. వెనక బుసలు కొడుతూ చిన్న ఇంజన్.

"మనం పిలవకపోయినా తాత వెనకే వచ్చాడన్నా! వ్యాగన్లు మీదికొస్తుంటే తన ఇంజన్నీ వెనక్కి పరిగెత్తించి, మెత్తగా ఆనించుకుని, ఆపేశాడు."

ఆ చిన్న ఇంజనే తోసి, మిగతా కొండ ఎక్కించింది. పైకి చేరి వెనక్కి చూస్తే అది లేదు.

సాయంత్రం తిరుగు బండిలో దిగి, ముసలాయన చేతులు పట్టుకోవాలని స్టేషన్లో వెతికాడు.

"ఇంటికి పంపేశారు," అన్నాడు సిగ్నల్ గదిలో మనిషి. "ఎర్ర సిగ్నల్ దాటి నీ వెనక వచ్చాడుగా. ఉద్యోగం ఊడింది. మధ్యాహ్నం రైలుకే ఊరొదిలి పోతానన్నాడు, పోయుంటాడు."

"అన్ని మాటలన్నాను. నాకోసం అంత తెగించడమేమిటి? ఎవరాయన?"

సిగ్నల్ మనిషి కెటిల్ దించాడు.

"పదహారేళ్ళ కిందట నీలాగే కూత వేయకుండా ఈ కొండెక్కి, చివరి పెట్టెలో ఉన్న కన్నకొడుకుని పోగొట్టుకున్న డ్రైవరు."