కుర్చీకి ఇరవై అడుగులు

"లాగవయ్యా, అంత మొహమాటం దేనికి?" అంది ఒడీల్, రెండు చేతులా బల్ల అంచు పట్టుకుని.

కెనడాలోని ఫ్రెడరిక్టన్ శాసనసభ అప్పుడే ఆమెను స్పీకరుగా ఎన్నుకుంది. కొత్త స్పీకరు "నాకొద్దు బాబోయ్" అని మొరాయించాలి. ముఖ్యమంత్రిలాంటి ప్రీమియరూ, ప్రతిపక్ష నాయకురాలూ చెరో పక్కా పట్టుకుని కుర్చీదాకా ఈడ్చుకెళ్ళాలి. అది అక్కడి ఆనవాయితీ. అందరూ రెండడుగులు నటించి నడిచిపోతారు. ఐస్ హాకీలో ఒకప్పటి గోల్‌కీపరు ఒడీల్ మాత్రం అంగుళం కదల్లేదు.

ప్రీమియర్ డెస్మండ్‌కి చెమటలు పట్టాయి. అవతలి పక్కనున్న ప్రతిపక్ష నాయకురాలు జినెట్‌తో అతను కెమెరాల ముందు తిట్టుకోవడమే తప్ప, ఏడాదిగా మాట్లాడింది లేదు.

"మీరు అటు లాగితే ఎలాగండీ?" అన్నాడు, ఇక తప్పక.

"నేను సరిగ్గానే లాగుతున్నాను. మీరే బల్లకేసి తోస్తున్నారు!"

"సరే, మూడు అనగానే ఇద్దరం కలిసి. ఒకటి, రెండు..."

"ఆగాగు, నా చెప్పు ఊడింది!" అని అరిచింది జినెట్.

సభ పగలబడి నవ్వింది. డెస్మండ్ వంగి చెప్పు అందుకున్నాడు. జినెట్ నవ్వాపుకోలేక అతని భుజం పట్టుకుంది. అతనికీ నవ్వు తన్నుకొచ్చింది. ముగ్గురూ తూలుకుంటూ వెళ్ళి కుర్చీ మీద పడ్డారు.

"అంత ఇష్టం లేనప్పుడు పోటీ ఎందుకు చేశారండీ?" రొప్పుతూ అడిగాడు డెస్మండ్.

"ఇష్టం లేకపోవడమేమిటి నాయనా!" ఒడీల్ గౌను సర్దుకుంది. "మీరిద్దరూ ఒక్కసారైనా ఒకే వైపు లాగుతుంటే చూడాలనిపించింది."

డెస్మండ్ చేతిలో చెప్పు ఇంకా అలాగే ఉంది. వంగి జినెట్ కాలి దగ్గర పెట్టాడు.

"పైన టీవీ కెమెరాలున్నాయి, చూసుకో," గొణిగింది జినెట్.

"ఉండనీ," అన్నాడు.