ఆడకూలి

సమ్మెకి ముందురోజు చెయ్యాల్సినవి మూడు: బ్యానరు కుట్టడం, టారో దుంపలు ఉడకబెట్టడం, యాజమాన్యంతో మాట్లాడే కమిటీకి ఆడవాళ్ళ తరఫున ఒక పేరు రాయడం. మొదటి రెండూ మసీనా చేసేసింది. మూడోదాని దగ్గర యూనియన్ కార్యదర్శి టానియేలు కలం ఆగింది.

“అందరూ నీ పేరే చెప్పారక్కా. కానీ నువ్వు ఫాఫఫినేవి. ఆడదానిలా బతుకుతున్నా మగపిల్లాడిగా పుట్టావు. మనం భౌతికవాదులం, శరీరాన్ని కాదనలేం కదా.”

“చేపల ఫ్యాక్టరీలో చేరిన రోజున నన్ను తోలు ఒలిచే ఆడవాళ్ళ వరసలో నిలబెట్టి, ఆడకూలి ఇచ్చారు. అప్పుడు నా శరీరం సంగతి ఎవరూ అడగలేదే తమ్ముడూ?”

బ్యానరు మడతపెడుతున్న ముసలి లెపేకా నవ్వింది. “దాని చేతులు వాసన చూడు టానియేలూ. మా చేతుల కంపే.”

టానియేలు తలొంచుకున్నాడు. “మనిషి చేసే పనే ఆ మనిషి ఎవరో చెబుతుందని పాఠం చెప్పింది నేనే. కానీ రేవులో మోతపని మగవాళ్ళు నీ వెనక నడవరు. ముందు సమ్మె గెలవనీ. నీ సంగతి తర్వాత చూద్దాం.”

ఆ పాఠం విన్న సాయంత్రం మసీనా పాడుకుంటూ ఇంటికెళ్ళింది. కూలి పెంచమన్నప్పుడల్లా మేనేజరు అనే మాట కూడా ఈ ‘తర్వాత చూద్దాం’ అన్నదేనని ఇప్పుడు గుర్తొచ్చింది.

“లెపేకా పేరు రాసుకో,” అంది.

సమ్మె గెలిచింది. ఆడవాళ్ళకు మగకూలి వచ్చింది. మసీనాకి మాత్రం పాత కూలే. “పెంచుతామన్నది ఆడవాళ్ళ కూలి. మీ యూనియనే ఆమెను ఆడదిగా లెక్కవెయ్యలేదుగా,” అన్నాడు మేనేజరు.

యూనియన్ ఆఫీసు గోడమీది ఫోటోలో కమిటీ అంతా ఉంది. వాళ్ళ వెనకున్న ఎర్ర బ్యానరు మసీనా కుట్టింది. అది చూసినప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి.