గోడబల్లి చుట్టం

ఇంట్లోవాళ్లు తొండపిల్లను తెచ్చి అద్దాల పెట్టెలో పెట్టి, ఒక మూల వెచ్చటి దీపం వెలిగించారు. చుట్టం వచ్చిందని గోడమీది బల్లి గవరమ్మకు కాలు నిలవలేదు. తొండ మాత్రం అవతలి మూల రాతికింద దాక్కుని చలికి వణికిపోతోంది.

"దీపం దగ్గరికి రా, లేకపోతే చస్తావ్" అని పంజరంలో చిలుక అరిచినకొద్దీ అది ఇంకా లోపలికి దూరింది.

"దానికి మన గొంతులే కొత్త వదినా. కాసేపు ఊరుకుందాం" అంది గవరమ్మ. పలకరించాలని నోరు ఎంత దురదపెట్టినా, గోడకు కరుచుకుని కదలకుండా కూర్చుంది.

ఇల్లు సద్దుమణిగింది. తొండ మెల్లగా పాక్కుంటూ వచ్చి దీపంకింద ఒళ్లు చాపుకుంది. వణుకు తగ్గాక తలెత్తి చూసింది.

"అత్తా, ఈ ఎండ ఎవరిది?"

గవరమ్మ ఇక ఆగలేకపోయింది. "నీదే తల్లీ, నీదే" అంది.