బయటి గడియ

"గడియ లోపల కాదు మేస్త్రిగారూ, బయట పెట్టాలి," అన్నాడు రాళ్ళాయన.

మేస్త్రి వెల్డింగ్ ఆపి, ముఖానికి అడ్డంగా ఉన్న నల్లద్దం పైకెత్తాడు. "పడకగదికి బయట గడియేంటి సార్? పడుకునేది మనుషులా, మేకలా?"

"మా అవసరం మాది. కిటికీకి ఊచలు కూడా పెట్టండి. తలుపుకి లోపలివైపు పిడి వద్దు."

కొండలూ లోయలూ పట్టుకు తిరిగి రాళ్ళు పరీక్షించడం ఆయన ఉద్యోగం. అందుకే షెడ్డులో అందరికీ ఆయన రాళ్ళాయన. సైన్యం వాళ్ళు వదిలించుకున్న ఆరు చక్రాల పాత లారీ కొనుక్కొచ్చి, దానిమీద ఇల్లు కట్టమన్నాడు. రోడ్డన్నదే లేని చోట నెలల తరబడి ఉండాలట. తోడుగా తల్లిని తీసుకెళతాడట. తల్లి మీద ఎంత ప్రేమో అని మేస్త్రి మురిసిపోయి, సొంతిల్లు కట్టుకున్నంత సంబరంగా పనిలో దిగాడు. గతుకుల్లో లారీ చట్రం మెలితిరిగినా పైనున్న గదులు బీటలివ్వకుండా స్ప్రింగుల మీద కూర్చోబెట్టాడు. డ్రైవరు సీటు వెనక సన్నటి పడక ఒకటి, మధ్యలో వంటచోటు, చిట్టచివర పడకగది. డ్రైవరు వెనక పడక కొడుక్కి, వెనకగది తల్లికి అని తనే అనుకున్నాడు. ఇప్పుడు ఆ వెనకగదికే ఈ గడియ!

షెడ్డు మూల పాత టైర్ల మీద కూర్చుని పెద్దావిడ పట్టపగలే జోగుతోంది. మేస్త్రి ఆవిడ దగ్గరికి వెళ్ళి మెల్లగా పిలిచాడు.

"వాడేడీ?" అంటూ ఆవిడ ఉలిక్కిపడి లేచింది. కొడుకు ఎదురుగా కనిపించాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

"అమ్మా, మీవాడు గడియ బయట పెట్టమంటున్నాడు. మీకు తెలుసా?"

"వాడు చెప్పినట్టే చెయ్యి నాయనా. గట్టిదే పెట్టు, నీకు పుణ్యముంటుంది."

ఎవరో నేర్పిన మాటల్లా ఉన్నాయి. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు అందుకోబోతే చీర కొంగు జారింది. మణికట్టు చుట్టూ తాడు ఒరుసుకున్న ఎర్రటి చార.

"ఇదేంటమ్మా?"

ఆవిడ గబుక్కున కొంగు కప్పుకుంది. "అలవాటైపోయిందిలే. ఈ బండి వస్తే నాకు ఆ తాడు బాధ తప్పుతుంది."

మేస్త్రి గ్లాసు ఆవిడ చేతిలో పెట్టాడు. తాడు పోయి జైలు వస్తుందన్నమాట! ఆ రాళ్ళాయనకేసి చూశాడు. నున్నగా గీసుకున్న గడ్డం, మెత్తటి మాట. కనుబొమ్మ మీద కుట్లు, మోకాళ్ళ కింద గీరుకుపోయిన గాయాలు. పాపం, ముసలిప్రాణం కట్టేస్తుంటే గింజుకుని తన్నిన దెబ్బలు కాబోలు. ఛీ! వీడూ ఒక కొడుకేనా?

ఆ రోజు నుంచి ఆయన తెచ్చిచ్చిన టీ మేస్త్రి డ్రమ్ములో పారబోశాడు. ఆయన చెయ్యి కలిపితే కిరసనాయిలుతో కడుక్కున్నాడు. గ్రీజు, డీజిలు, తుప్పు, ఇన్నేళ్ళలో ఏ కంపూ అతన్ని బాధించలేదు. ఈ మనిషి ఒంటి సబ్బు వాసనకి మాత్రం డోకొచ్చేది.

షెడ్డు వెనక గదిలో మేస్త్రి భార్య పరుపులు కుడుతూ ఉండేది. పెద్దావిడ వచ్చినప్పుడల్లా ఆమె పక్కనే కూర్చుని ఏదో చెప్పుకునేది.

"ఏమయ్యా, పెద్దావిడ నాతో ఒక సంగతి చెప్పింది," అందామె అన్నం వడ్డిస్తూ.

"నాకు చెప్పకు! ఆ వెధవ ఊసెత్తితే ముద్ద దిగదు."

"నలుగురికీ తెలిస్తే ఆయనకి నామర్దా అట. అయినా నీకు చెబితే..."

"నామర్దా ఉండదూ మరి, చేసే పనికి! నా కళ్ళతో చూశాను, ఇంక వినాల్సిందేం లేదు."

"అబ్బ, నీకు చెప్పడం కన్నా గోడకి చెప్పడం నయం," అని ఆమె కంచం ముందుకు తోసి కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

మేస్త్రి గడియ పెట్టాడు, బయటే. బొటనవేలంత లావు ఇనుప గడియ. కానీ అది దూరే పట్టీకి బోల్టులు బిగించలేదు. బోల్టుల తలలు మాత్రం కోసి, జిగురుతో అతికించి, పైన రంగు పూశాడు. చూస్తే కోట తలుపు. లోపలినుంచి భుజంతో ఒక్క తోపు తోస్తే చాలు, పట్టీతో సహా ఊడొస్తుంది. ముసలావిడ చీకట్లో తడుముకోకుండా బయటపడొచ్చు. పని చేసిన ఇన్నేళ్ళలో కావాలని చేసిన కంతిరి పని ఇదొక్కటే. దీనికే అతనికి ఎక్కువ తృప్తి కలిగింది.

బండి తీసుకెళ్ళే రోజు రాళ్ళాయన గడియ వేసి చూశాడు. టక్కుమంది. పెద్దావిడ కూడా వేసి చూసింది.

"ఇప్పటికి గండం గడిచింది నాయనా," అని మేస్త్రి చేతులు పట్టుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి మేస్త్రి దగ్గరికి వంగాడు. గడియ సంగతి చెవిలో వేద్దామనుకున్నాడు గానీ, కొడుకు పక్కనే నిలబడ్డాడు. సరే, అవసరమైన రోజున ఆవిడకే తెలుస్తుందిలే అనుకున్నాడు.

"మొదటి మకాం లోయ అంచునే మేస్త్రిగారూ. అక్కడి రాళ్ళే రాళ్ళు," అన్నాడు రాళ్ళాయన ఇంజను స్టార్టు చేస్తూ. "ఇక ఫోన్లు కూడా పనిచెయ్యవు."

"వెళ్ళిరండి," అన్నాడు మేస్త్రి. బండి మలుపు తిరగ్గానే థూ అని ఉమ్మేశాడు.

రెండు రోజుల తర్వాత భోజనాల దగ్గర ఆ ఘనకార్యం భార్యకి చెప్పకుండా ఉండలేకపోయాడు.

"ఒక్క తోపు! తలుపు బార్లా తెరుచుకుంటుంది. తల్లిని గదిలో పెట్టి గడియ వేస్తాడట, ఛండాలుడు!"

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. "ఫోన్ చెయ్యి. ముందు ఫోన్ చెయ్యి!"

"ఏమైందే?" అంటూనే మేస్త్రి నంబరు నొక్కాడు. అవతల మోగనే లేదు.

"ఆ గడియ ఆవిడే అడిగి పెట్టించుకుందయ్యా. రాత్రిళ్ళు ఆయన చెయ్యీ తన చెయ్యీ తాడుతో కట్టుకుని, కంటిమీద కునుకు లేకుండా కాపలా కాస్తోంది. చెబుతానంటే విన్నావా?"

"కాపలా ఎందుకు?"

"కొడుకు నిద్రలో లేచి నడుస్తాడు."